కూత జాడకు మూడు చట్రాలు

ఏ శబ్దమైనా సర్కారువారి అనుమతి లేకుండా పుట్టకూడదు. ఒకవేళ పుట్టినా, తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పకుండా గాలిలో తిరగకూడదు. ఈ ఉదాత్తమైన సిద్ధాంతం మీద 1943లో, జర్మనీతో జంగు నడుస్తున్న రోజుల్లో, హనుమకొండ సుబేదారిలో శబ్ద శోధన శాఖ వెలిసింది. (అంతకుముందు శబ్దాలు ఎవరిష్టం వచ్చినట్టు అవి తిరిగేవి. ఆ అరాచకం తలుచుకుంటే శాఖవారికి ఒళ్లు జలదరించేది.)

శాఖ పుట్టుకకు కారణం ఒక కూత. అప్పటికి హనుమకొండ, వరంగల్ కలిపినా రేడియోలు నాలుగే. ప్రతిరోజూ పొద్దున ఏడు కొట్టేసరికి ఆ నాలుగింటిలోనూ 'కుయ్' మని ఒక కూత లేచేది. సన్నగా మొదలై, లావెక్కి, మళ్లీ సన్నబడి, పావుగంట సాగి ఆగిపోయేది. జడ్జిగారు ఫిర్యాదు చేశారు. మిల్లు మేనేజరు ఫిర్యాదు చేశాడు. అందరికంటే గట్టిగా ఫిర్యాదు చేసినవారు నాలుగో నంబరు బంగళాలో ఉండే కిషన్ రావు గారు. ఇది శత్రువుల రహస్య యంత్రమేననీ, ఎవడో ఊళ్లో కూర్చుని జర్మనీకి కబుర్లు పంపుతున్నాడనీ ఆయన హైదరాబాదుకు పదకొండు పేజీలు రాశారు. పదకొండు పేజీలు రాసినవాడికి తెలియనిది ఇంకెవరికి తెలుస్తుందని పైవారు ఆయన్నే శాఖకు నాజింగా, అంటే పెద్దగా, నియమించారు.

కూత ఎటు నుంచి వస్తుందో పట్టే సాధనం ఒక కొయ్య చట్రం. మనిషంత ఎత్తు, దాని చుట్టూ నలభై చుట్లు రాగి తీగ. తీగ కొసలు ఒక పెట్టెలోకి పోతాయి, పెట్టెలోంచి రెండు డబ్బాలు వినేవాడి చెవులకు వస్తాయి. చట్రాన్ని తలుపు తిప్పినట్టు మెల్లగా తిప్పుతుంటే ఒకచోట కూత చచ్చిపోతుంది. అదే దిక్కు. (ఏమీ వినపడకపోతే దొరికినట్టు ఎలా అవుతుందని నాజిం గారు మూడు రోజులు వాదించి, చివరికి దీన్ని ప్రయోగాత్మకంగా ఒప్పుకున్నారు.) అయితే ఆ తీగను చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, నడుమ సందు రాకుండా చుట్టడం శాఖలో ఎవరి తరమూ కాలేదు. పెద్ద గుమాస్తా చుట్టిన చట్రం పిచ్చుక గూడులా తయారైంది. చివరికి కరీమాబాద్ నుంచి నర్సింగాన్ని పిలిపించారు.

నర్సింగం మగ్గం నేసేవాడు. ఆరేళ్ల వయసు నుంచి నూలు చుట్టిన చేతులవి. మూడు చట్రాలూ పూట తిరగకుండా చుట్టి, చద్ది మూట విప్పుకుని తినడానికి కూర్చున్నాడు. చట్రం తిప్పడం కూడా అతని చేతికే అలవడింది కాబట్టి, శాఖవారు అతన్ని 'తాత్కాలిక శ్రోత'గా వేసుకున్నారు. పొద్దున ఏడింటికి వినాలి, ఏడుంపావుకి మానాలి. మిగిలిన వేళల్లో ఏమీ విననట్టు ఉండాలి.

ఇక చట్రాలు ఎక్కడ పెట్టాలన్నది వచ్చింది. శాఖ నియమావళిలో ఏడవ నియమం ఇలా ఉంది: 'శ్రవణ చట్రములు మూడును సర్కారు సొత్తు అగుటచేత నాజిం గారి కుర్చీ నుండి కనబడునంత దూరములో మాత్రమే ఉండవలెను.' నాజిం గారి కుర్చీ కచేరీ ముందు గదిలో ఉంది. అందులోంచి కనబడేవి వరండా, బావి గట్టు, గుర్రపుశాల. కనుక ఒకటి వరండాలో, ఒకటి బావి గట్టు మీద, ఒకటి గుర్రపుశాల ముందు వెలిశాయి. ఒకదానికీ ఒకదానికీ పది అడుగులు.

మర్నాడు నర్సింగం మూడు చట్రాలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి విన్నాడు. మూడింటిలోనూ కూత ఒకే దిక్కున చచ్చింది. నక్షాలు, అంటే పటాలు, గీసే సారంగపాణి పంతులు ఆ దిక్కులను ఊరి నక్షా మీద గీశాడు. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే లావుపాటి గీతయింది. ఆ గీతకు సహజంగానే రెండు కొసలు. ఒక కొస ఊరి వైపు, లష్కర్ బజారు మీదుగా కరీమాబాద్ దాటి పోతుంది. రెండో కొస వెనక్కి, అధికారుల బంగళాల వైపు పోతుంది. (రెండో కొసను పరిశీలించే అధికారం శాఖకు లేదు గనుక దాన్ని రబ్బరుతో చెరిపేశారు.)

మొదటి కొస కింద నాలుగు వందల పన్నెండు ఇళ్లు, ఒక మిల్లు, మూడు మసీదులు, ఐదు గుళ్లు ఉన్నాయి. మరి దోషి ఎవరు? నాజిం గారు జవాన్లను వెంటబెట్టుకుని గీత వెంబడే నడిచారు. గీత మధ్యలో గోడ వస్తే గోడ ఎక్కారు. కరీమాబాద్ చేరేసరికి వీధి పొడవునా రెండు వైపులా కట్టెలు పాతి, నడుమ ఇరవై గజాల పొడవున వందల కొద్దీ సన్నని పోగులు బిగించి కట్టి ఉన్నాయి. ఒక మనిషి వాటిని కుంచెతో దువ్వుతున్నాడు.

"ఎంత పెద్ద ఏరియల్!" అన్నారు నాజిం గారు.

అది పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు నూలుకు గంజి పట్టించి వీధిలో ఆరదీసి దువ్వుతారు. ఆ దువ్వే మనిషి సమ్మయ్య, నర్సింగం భార్య అనసూర్యకు తమ్ముడు. "సాబ్, గిది నూలు, గంజి పెట్టిన" అని అతను అంటూనే ఉన్నాడు. గంజి పట్టించడం తీగ రంగు దాచడానికేనని నాజిం గారు అక్కడికక్కడే రాసుకున్నారు. కుంచెను సంకేతాలు పంపే పరికరంగా జప్తు చేసి, సమ్మయ్యను ఠాణాలో వేయించారు.

ఆ సాయంత్రం నర్సింగం ఇంట్లో పొయ్యి వెలగలేదు. సమ్మయ్య తల్లి రాములవ్వ గడపలో కూలబడి గుండెలు బాదుకుంటోంది.

"నీ చెయ్యి విరుగ! నువ్వు తిప్పిన చట్రమే గదరా నా కొడుకు మీదికి గీత గీసింది! బిడ్డనిచ్చిన ఇంటికి ఇదా నువ్వు జేసిన మేలు?"

"అత్తా, నేను దిక్కు జెప్పిన గని ఇల్లు జెప్పలే" అన్నాడు నర్సింగం. అన్నాడే గానీ అతనికే సిగ్గేసింది. తన చేతులతో చుట్టిన తీగ, తన చెవులతో విన్న దిక్కు.

మర్నాడు పొద్దున ఏడింటికి కూత మళ్లీ వచ్చింది. నర్సింగం నోట ఆ మాట వినగానే రాములవ్వకు ప్రాణం లేచి వచ్చి, కచేరీ దాకా ఉరికి నాజిం గారి ముందు నిలబడింది.

"దొరా, నా కొడుకు మీ ఠాణాల తాళమేసి ఉండె. మరి కూత ఎట్ల అచ్చింది? ఆడు కాదని తేలిపాయె గద!"

నాజిం గారు గంభీరంగా తల పంకించారు. "అవ్వా, మేం గూడ గదే అనుకుంటున్నం. తాళమేసినా ఆగుతలేదంటే ఆ యంత్రం ఎంత జబర్దస్తుదో! గీ ఊర్ల ఉంచితే లాభం లేదు. శనివారం బండికి హైదరాబాద్ జైలుకు పంపుతం."

ఆ రోజు మంగళవారం.

నర్సింగం తిన్నగా సారంగపాణి దగ్గరికి పోయాడు. పంతులు మంచివాడు, లెక్కలు తెలిసినవాడు. శాఖలో ఆ రెండూ ఉన్నవాడు ఆయనొక్కడే కాబట్టి ఆయన్ని మూల గదిలో కూర్చోబెట్టారు.

"పంతులూ, మూడు చట్రాలు ఒక్క కాడ్నే పెడితె ఎట్ల దొరుకుతది? పడుగు పోగులు ఎన్ని చాపినా బట్ట గాదు గద, పేక అడ్డం పడాలె. గీ మూడు గీతలు పడుగే. ఒక్కటన్న అడ్డంగ రావాలె. అది యాడ కోత్తే గాడ దొంగ ఉంటడు."

సారంగపాణి కలం కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇదే ముచ్చట నేను ఇంగ్లీషు పుస్తకంల చదివితే సమజ్ కావడానికి నెల పట్టింది. ఏడ పెడదామంటవ్?"

"ఒకటి గీడనే ఉండనీ. ఒకటి కాజీపేట టేషన్ కాడ, ఒకటి పద్మాక్షి గుట్ట మీద. అప్పుడు గీతలు మంచిగ అడ్డం పడుతయి."

"ఏడో నియమం?"

ఇద్దరూ చాలాసేపు ఏడో నియమం వైపు చూస్తూ కూర్చున్నారు. చట్రాలు కుర్చీ నుంచి కనబడాలి. కాజీపేట కుర్చీలోంచి కనబడదు. కాజీపేటను దగ్గరికి జరపడానికి రైల్వేవారు ఒప్పుకోరు. పంతులు మరోసారి నియమం చదివాడు. చదివి, మెల్లగా నవ్వాడు. కుర్చీ నుంచి కనబడాలని ఉంది గానీ కుర్చీ ఎక్కడుండాలో ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నమే నాజిం గారికి ఒక అర్జీ వెళ్లింది. శాఖ గౌరవం దృష్ట్యా నాజిం గారి కుర్చీని కచేరీ మిద్దె మీద, అందులోనూ నీళ్ల తొట్టి పైన, ప్రతిష్ఠించవలెనని ప్రార్థన. కుర్చీ ఎత్తు పెరుగుతుందంటే కాదన్న అధికారి ఇప్పటిదాకా పుట్టలేదు. సాయంత్రానికి మంజూరైంది. బుధవారం ఎనిమిదిమంది మోసుకుపోయి కుర్చీని నీళ్ల తొట్టి మీద నిలబెట్టారు. అక్కడి నుంచి కాజీపేట స్టేషన్ కనబడింది, పద్మాక్షి గుట్ట కనబడింది. (ఏడింటికి నాజిం గారు బంగళాలో రేడియో ముందు ఉంటారు కదా, కుర్చీలోంచి ఎవరు చూస్తారని ఒక జవాను అడిగాడు. నియమంలో కుర్చీ అని ఉంది, మనిషి అని లేదని అతనికి నచ్చజెప్పారు.)

మూడు చోట్ల ఒకే వేళకు వినాలంటే ముగ్గురు కావాలి. కచేరీ చట్రం పంతులు తీసుకున్నాడు. కాజీపేట నర్సింగం. గుట్ట మీదికి ఎవరు?

"నేను పోత" అంది అనసూర్య. "నీ కంటె సన్నగ నేనే చుడుత నూలు. ఠాణాల ఉన్నది నా తమ్ముడే."

ఆడవాళ్లను శ్రోతగా వేసుకునే పద్ధతి శాఖలో లేదు. అందుచేత రిజిస్టరులో 'నర్సింగం' కింద 'నర్సింగం (రెండవ)' అని రాసుకున్నారు. గురువారం తెల్లవారకముందే రెండవ నర్సింగం చీర కొంగు నడుముకు చుట్టుకుని, చట్రం మోసే ఇద్దరు కూలీలను అదిలిస్తూ గుట్ట ఎక్కింది.

ఏడు కొట్టింది. కూత లేచింది. మూడు చోట్ల మూడు చట్రాలు మెల్లగా తిరిగాయి, మూడు చోట్లా కూత చచ్చింది. తొమ్మిది గంటలకు ముగ్గురూ మూల గదిలో చేరి నక్షా మీద వంగారు. పంతులు మొదటి గీత గీశాడు. కాజీపేట గీత వచ్చి దాన్ని కోసింది. గుట్ట గీత తిన్నగా వచ్చి ఆ రెండూ కలిసిన చోటే కలిసింది. నువ్వుగింజ పెడితే మూడూ దాని కింద దాగిపోతాయి.

"దొరికింది!" అన్నాడు నర్సింగం. మూడు రోజుల తర్వాత అతని ముఖంలో నవ్వొచ్చింది. కరీమాబాద్ ఆ చుక్కకు మూడు మైళ్ల దూరంలో ఉంది.

"ఇగ మా తమ్ముడు ఇంటికత్తడు" అంది అనసూర్య, కళ్లు తుడుచుకుంటూ.

రబ్బరుతో చెరిపేసిన రెండో కొస మీద, నాలుగో నంబరు బంగళా మీద, పంతులు వేలు ఆగిపోయి ఉంది.

శుక్రవారం పొద్దున నర్సింగం, పంతులు నక్షా చుట్ట పట్టుకుని నాలుగో నంబరు బంగళాకు వెళ్లారు. ఏడవుతోంది. నాజిం గారు వరండాలో రేడియో ముందు కూర్చుని చాయ తాగుతున్నారు.

"మంచి టైముకు వచ్చిన్రు. కూసోండ్రి, ఇప్పుడే మొదలుపెడతడు" అని చాయ కప్పు కింద పెట్టి రేడియోకున్న రెండో మరను తిప్పడం మొదలుపెట్టారు. కుయ్ మంది. "చూసిన్రా!" అని ఇంకా గట్టిగా తిప్పారు. కూత ఆకాశాన్నంటింది.

పంతులు నర్సింగం చెవిలో ఊదాడు. రేడియోతో వచ్చిన పుస్తకంలోనే ఉందట: ఆ రెండో మరను హద్దు దాటి తిప్పితే వినే పెట్టె కాస్తా కూసే పెట్టె అవుతుంది, ఆ కూత చుట్టుపక్కల రేడియోలన్నిటికీ చేరుతుంది.

ఇంత దాకా పట్టుబట్టి వెతుకుతున్న చెయ్యే కూయిస్తున్న చెయ్యి. అయినా నర్సింగం చేతులు కట్టుకుని, "దొరా, జర చాయ చల్లారుతాంది, తాగుండ్రి" అన్నాడు.

నాజిం గారు మర వదిలి కప్పు అందుకున్నారు. కూత ఆగిపోయింది.

"దొరా, సూసిన్రా? మీరు చెయ్యి దీత్తే ఆగింది."

"చూసిన" అన్నారు నాజిం గారు గొంతు తగ్గించి. "నేను చాయ తాగేది సుత వానికి తెలుస్తాంది. నన్ను కనిపెడుతున్నడు."

పంతులు ఇక లాభం లేదని నక్షా విప్పి, మూడు గీతలు కలిసిన చుక్కను చూపించాడు. పుస్తకంలో ఆ పేజీ కూడా తీసి చూపించాడు. నాజిం గారు చుక్కను చూశారు, పేజీని చూశారు, రేడియోను చూశారు. ఆయనకు అర్థమైందని నర్సింగానికి తెలిసిపోయింది. అర్థమైన మనిషి ముఖం అట్లాగే ఎర్రబడుతుంది.

"పంతులూ, గీ గీతలు పక్కా కరెక్టా?"

"పక్కా, సర్కార్. వెంట్రుకవాసి తేడా లేదు."

"అయితే వాడు మామూలోడు కాదు" అన్నారు నాజిం గారు, లేచి నిలబడి. "ఠాణాల కూసోని సర్కారీ గీతలను తెచ్చి సర్కారీ బంగళా మీదికి మళ్లించిండంటే ఏమనాలె?"

"దొరా, నీ కాల్మొక్కుత, మా బామ్మర్దికి నూలు దువ్వుడు తప్ప ఏం రాదు" అన్నాడు నర్సింగం. కాళ్ల మీద పడ్డాడు కూడా. నాజిం గారు మర్యాదగా కాళ్లు వెనక్కి తీసుకున్నారు. మధ్యాహ్నానికి సమ్మయ్య మీద రెండో నేరం ఎక్కింది: అధికారి నివాసం వైపు గీతలను దురుద్దేశంతో వంచుట. నక్షా గీసినందుకు పంతులుకు మందలింపు, ఇంత కచ్చితంగా గీయించినందుకు నాజిం గారికి హైదరాబాదుకు బదిలీ, పై హోదా. రెండు ఉత్తర్వులూ ఒకే తారులో, అంటే టెలిగ్రాంలో, వచ్చాయి.

శనివారం బండి వరంగల్ స్టేషన్లో ఆగింది. మొదటి తరగతి పెట్టెలో నాజిం గారు ఎక్కారు. ఆయన పక్కన బొంతలో చుట్టిన రేడియో కూర్చుంది. మూడో తరగతిలో ఇద్దరు జవాన్ల నడుమ సమ్మయ్య కూర్చున్నాడు. రాములవ్వ కిటికీలోంచి జొన్నరొట్టెల మూట అందించింది. అది యంత్రం కాదని జవాన్లు మూట విప్పి, ఒక రొట్టె తిని మరీ తేల్చుకున్నారు.

"బావా" అన్నాడు సమ్మయ్య, "పడుగు ఈదిలనే ఉన్నది. వానత్తె ఖరాబైతది. జర లోపలెయ్యి."

"ఏత్త రా" అన్నాడు నర్సింగం. ఇంకేదో అనాలని వచ్చినవాడు, కిటికీ చువ్వ పట్టుకుని బండి కదిలే దాకా అట్లాగే నిలబడ్డాడు. అనసూర్య బండి వెంట ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచింది.

ఆదివారం పొద్దున ఏడింటికి ఊళ్లో మిగిలిన మూడు రేడియోలూ ప్రశాంతంగా పాడాయి. జడ్జిగారు శాఖను మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఇక సోమవారం పొద్దున ఏడింటికి, చరిత్రలో మొదటిసారిగా, హైదరాబాద్ రేడియోల్లో కూత లేచింది. అక్కడ రేడియోలు వందల కొద్దీ. కూత వరంగల్లో ఖైదీ ఉన్నన్నాళ్లూ వరంగల్లో ఉంది, ఖైదీ హైదరాబాద్ రాగానే హైదరాబాద్ వచ్చింది. ఇంతకంటే రుజువు ఏ కోర్టుకు కావాలి? సమ్మయ్యకు రెండేళ్లు పడింది. ఆ బండిలో వచ్చినవారు ఇంకా ఎవరైనా ఉన్నారా అని సాక్షిగా వెళ్లిన పంతులు కోర్టులో అడగబోయాడు. ప్రశ్నలు అడగడం సాక్షి పని కాదని కూర్చోబెట్టారు.

నర్సింగం పడుగును లోపలికి తీసి, తన మగ్గం మీదికి ఎక్కించి, సమ్మయ్య పేరునే నేస్తూ ఉన్నాడు. రెండు నెలలకు జైలు నుంచి ఒక కాగితం వచ్చింది. ఉర్దూలో ఉంటే పంతులు దగ్గరికి ఉరికారు. రాములవ్వ కూడా వెంట వచ్చింది. పంతులు ముందు తనలో తాను చదువుకుని, తర్వాత గొంతు సవరించుకుని బయటికి చదివాడు.

పైఅధికారుల రేడియోలు ఆగమాగమవుతున్నాయని జైలు పెద్ద స్వయంగా సమ్మయ్య గదికి వెళ్లి, ఇకనైనా ఆ కూత మానమని మంచిమాటగా చెప్పాడట. సమ్మయ్య ఏమనాలో తోచక, "అట్లనే సాబ్" అన్నాడట. ఆ మర్నాడే మన నాజిం కిషన్ రావు గారు పది రోజుల దౌరా మీద ఔరంగాబాద్ వెళ్లారు, రేడియో ఇంట్లోనే ఉండిపోయింది.

"పది రోజులూ కూత లేదట" అని పంతులు కాగితం కింది వరుస చదివాడు. "'ఖైదీ చెప్పిన మాట వినువాడని తేలినందున, సత్ప్రవర్తన కింద శిక్షలో నాలుగు దినములు తగ్గించడమైనది.'"